కలువరేడు పదవి ఎవరికి దక్కాలి?

చంద్రుడికి కలువరేడనీ, కుముదబాంధవుడనీ బిరుదులిచ్చిన మన కవులు, ఆ పదవికి తగిన పని ఆయన ఏనాడైనా చేశాడా అని విచారించినట్టు కనబడదు. ఎర్రకలువ చీకటి పడ్డాక విచ్చుకునే మాట నిజమే గానీ, అది అమావాస్య నాడూ విచ్చుకుంటుంది. నీలికలువైతే పట్టపగలే పూసి, పున్నమి చంద్రుడు తొంగిచూసేసరికి ముడుచుకుపోతుంది. రోజుకు దాదాపు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తూ, నెలకొకసారి పూర్తిగా సెలవు పెడుతూ, ఒక్క పుప్పొడి రేణువునైనా ఇంకో పువ్వుకు మోసి ఎరగని ఉద్యోగిని ఇన్ని శతాబ్దాలుగా కొనసాగించడం ఏ నిబంధన ప్రకారమో నాకు అర్థం కావడం లేదు.

ఆ స్థానానికి నేను ప్రతిపాదిస్తున్న అభ్యర్థి అమెజాన్ ప్రాంతంలో నివసించే సైక్లోసెఫాలా అనే పెంకుపురుగు. పేడపురుగులకు చుట్టమని పండితులు ముఖం చిట్లించవచ్చు. సర్వీసు రిజిస్టరు చూశాక మాట్లాడమని మనవి. అక్కడి విక్టోరియా అమెజోనికా అనే మహాకలువ మొదటి సాయంత్రం తెల్లగా విచ్చుకుని, అనాసపండును తలపించే వాసన వెదజల్లుతూ, తన లోపలి భాగాన్ని బయటి గాలి కన్నా సుమారు 10 డిగ్రీలు వెచ్చగా ఉంచుతుంది. ఆ వెచ్చదనానికీ, లోపల సిద్ధంగా ఉన్న పిండి నిండిన తినుబండారానికీ ఆశపడి పురుగులు చేరాక రేకులు మూసుకుంటాయి. మర్నాటి సాయంత్రం దాకా విడుదల లేదు. మన దగ్గర దీన్నే క్యాంపు రాజకీయం అంటారు. తేడా ఏమిటంటే, ఇక్కడ రంగు మార్చేది అతిథులు కాదు, ఆతిథ్యమిచ్చినవారే. మొదటి రాత్రి ఆడపువ్వుగా ఉన్నది రెండో రాత్రికి గులాబి రంగు మగపువ్వై, వాసన పూర్తిగా మానుకుని, పుప్పొడి పూసి మరీ పురుగులను సాగనంపుతుంది. అవి మళ్లీ ఏ తెల్లపువ్వులోనో దూరతాయి. ప్రాన్స్, అరియాస్ అనే శాస్త్రవేత్తలు బ్రెజిల్‌లోని మనాస్ నగరం దగ్గర గమనించి 1975లో ప్రచురించిన సంగతులివి. చంద్రుడి సేవల మీద అటువంటి నివేదిక ఒక్కటైనా ఉంటే చూపించాలి.

పగటి కలువల దగ్గర పనిచేసే చిన్న తేనెటీగల, ఈగల పరిస్థితి మరీ దయనీయం. ఉత్తర అమెరికా చెరువుల్లోని పరిమళ కలువ తొలిరోజు పుప్పొడి ఇవ్వదు సరికదా, నడుమ ఉన్న గిన్నెలో ద్రవం నింపుకుని కూర్చుంటుంది. వేరే పువ్వు నుంచి వచ్చిన కీటకం కేసరాల మీద నుంచి జారి అందులో పడితే, ఒంటిమీది పుప్పొడి కడుక్కుపోయి పువ్వు పని నెరవేరుతుంది. కీటకం కొన్నిసార్లు మునిగి చనిపోతుంది. రెండో రోజు నుంచి గిన్నెలో ద్రవం ఉండదు, పుప్పొడి పంపకం మొదలవుతుంది. విధినిర్వహణలో మరణించిన ఆ కీటకాల కుటుంబాలకు కారుణ్య నియామకాలు జరిగిన దాఖలా ఎక్కడా లేదు.

నా ప్రతిపాదనకు ఒక మిత్రుడు అభ్యంతరం తెలిపాడు. కలువరేడంటే పెంకుపురుగు అని నిఘంటువులో దిద్దితే, కలువరేడు వంటి మోము అని పొగిడిన ప్రతి పద్యంలోనూ నాయిక ముఖం మారిపోతుందట. ఇందులో నాయికల లిఖితపూర్వక అంగీకారం అవసరమని నేనూ ఒప్పుకుంటున్నాను.