పేరు మారిస్తే పీఎన్‌జీ ఐకాన్ అయిపోదు

డెస్క్‌టాప్ ఐకాన్ల గురించి ఒక సలహా తెగ తిరుగుతోంది. "పెద్ద బొమ్మ ఒకటి గీసి పీఎన్‌జీగా సేవ్ చేయండి, పేరు చివర ఐసీఓ అని మార్చండి, చిన్న సైజుల సంగతి కంప్యూటరే చూసుకుంటుంది, అదే ఫైలు అన్నిచోట్లా పనిచేస్తుంది, కాకపోతే ఫోటోషాప్ మాత్రం ఉండాలి" అని. (పీఎన్‌జీ అంటే మామూలు బొమ్మ ఫైలు రకం, ఐసీఓ అంటే విండోస్ ఐకాన్ ఫైలు రకం.) నమ్మి చేసినవాళ్ల శ్రమ వృథా అవుతోంది కాబట్టి రాస్తున్నాను.

పేరు మార్చడం సంగతి ముందు. అలా మార్చిన ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరవండి. మొదట్లోనే పీఎన్‌జీ అనే మూడు ఇంగ్లిష్ అక్షరాలు కనిపిస్తాయి. అంటే లోపల సరుకు మారలేదు. ఐసీఓ అనేది వేర్వేరు సైజుల బొమ్మలు పట్టే ఒక సంచి లాంటిది. ముందు 6 బైట్ల హెడర్ (ఫైలు రకం, బొమ్మల సంఖ్య చెప్పే తలభాగం), తర్వాత ఒక్కో బొమ్మకు 16 బైట్ల చొప్పున వివరాలు, ఆ తర్వాతే బొమ్మలు. విండోస్ విస్టా నుంచి ఆ సంచిలో పీఎన్‌జీని కూడా పెట్టుకోవచ్చు, కానీ సంచి అంటూ ఉండాలి కదా! బ్రౌజర్లు లోపలి సరుకు చూసి సర్దుకుపోతాయి కాబట్టి వెబ్‌సైట్ ఐకాన్ విషయంలో ఈ చిట్కా చెల్లుతుంది. ఈ అపోహ అక్కడే పుట్టి ఉంటుందని నా అనుమానం.

అసలు నష్టం "చిన్న సైజులు కంప్యూటరే చూసుకుంటుంది" అన్న మాటతోనే. నేనొకసారి నోటుబుక్కు ఐకాన్ గీశాను. 256 పిక్సెళ్ల సైజులో గీతలు 6 పిక్సెళ్ల మందం, మధ్య ఖాళీ 10. చూడముచ్చటగా వచ్చింది. 16కి కుదించేసరికి గీత, ఖాళీ కలిసి ఒకే పిక్సెల్‌లో పడ్డాయి. గీతలు మాయమై పేజీ మొత్తం బూడిద రంగుకు తిరిగింది. కంప్యూటర్ తప్పేం లేదు, అది రంగుల సగటు తీసింది, అంతే. చివరికి 16 సైజును విడిగా గీశాను: రెండే గీతలు, ఒక్కో పిక్సెల్ మందం, కచ్చితంగా పిక్సెల్ గడుల మీద. అప్పుడు గానీ అది నోటుబుక్కని తెలియలేదు. కనీసం 16, 32, 48, 256 ఉండాలి. స్క్రీన్ స్కేలింగ్ 150 శాతం పెట్టుకునేవాళ్ల కోసం 24 (16కి ఒకటిన్నర రెట్లు) కూడా వేయండి.

అన్నిచోట్లా ఒకే ఫైలా? విండోస్‌కు ఐసీఓ, మ్యాక్‌కు ఐసీఎన్‌ఎస్, లినక్స్‌లో పీఎన్‌జీ లేదా ఎస్‌వీజీ (ఎంత సైజుకైనా చెడకుండా మారే గీతల బొమ్మ ఫైలు). జేపెగ్ జోలికి మాత్రం పోవద్దు. దానికి పారదర్శకత లేదు, బొమ్మ చుట్టూ తెల్ల డబ్బా మిగిలిపోతుంది.

ఇక ఫోటోషాప్. డబ్బు పెట్టలేక ఐకాన్లు గీయడమే మానుకున్నవాళ్లను చూశాను, అందుకే ఈ మాట నన్ను ఎక్కువ బాధపెడుతుంది. ఇంక్‌స్కేప్, గింప్ అనే బొమ్మల సాఫ్ట్‌వేర్లు రెండూ ఉచితం. ఇంక్‌స్కేప్‌లో గీసి ఆ ఎస్‌వీజీని మూలంగా దాచుకోండి. దాన్నుంచి ఒక్కో సైజుకూ పీఎన్‌జీ తీసి, చిన్నవాటిని చేత్తో దిద్ది, గింప్‌లో ఒక్కొక్కటీ ఒక్కో లేయర్‌గా (పొరగా) పెట్టి ఐసీఓగా ఎక్స్‌పోర్ట్ చేస్తే ప్రతి లేయరూ ఒక సైజుగా ఆ ఫైల్లోకి చేరుతుంది.