సవరణ: చివర & పెట్టినంత మాత్రాన అవుట్‌పుట్ ఆగదు

లినక్స్ టెర్మినల్‌లో (కమాండ్లు కొట్టే విండోలో) ప్రోగ్రామ్‌ను వెనకాల నడపడం గురించి మొన్నటి పోస్టులో రెండు తప్పులు చెప్పాను. కమాండ్ చివర & పెడితే ఇక స్క్రీన్ మీద ఏమీ పడదన్నాను, ఎర్రర్లు కూడా ఫైల్లోకి పోవాలంటే 2>&1 > లాగ్ & అని కొట్టమన్నాను. గుంతకల్లు నుంచి ఒక తమ్ముడు ఫోన్ చేసి, "అన్నా, నువ్వు చెప్పినట్లే కొట్టినా, ఇంకో పని చేసుకుంటాంటే మధ్యలో ఎర్రర్లు వచ్చి పడతాండాయి" అన్నాడు. ఇక్కడ అనంతపురంలో నా మెషీన్‌లో చూస్తే అదే కథ.

& చేసేది ఒక్కటే, ప్రోగ్రామ్ అయిపోయేదాకా షెల్ (మనం కొట్టిన కమాండ్లను చదివి నడిపేది) కాచుకోకుండా, ఇంకో కమాండ్ కొట్టుకోడానికి ప్రాంప్ట్ తిరిగి ఇచ్చేస్తుంది. అవుట్‌పుట్ మాత్రం టెర్మినల్‌కే పోతూ ఉంటుంది.

రెండోది నేను సిగ్గుపడాల్సిన తప్పు. ఇక్కడ 1 అంటే మామూలు అవుట్‌పుట్, 2 అంటే ఎర్రర్లు. షెల్ ఈ గుర్తులను ఎడమ నుంచి కుడికి చదువుతుంది. 2>&1 ముందు రాస్తే, ఆ క్షణానికి 1 ఎక్కడికి పోతోందో, అంటే టెర్మినల్‌కి, 2 కూడా అక్కడికే పోతుంది; ఆ తర్వాత 1ని ఫైలుకు మళ్లించినా 2 దాని వెంట పోదు. కాబట్టి మీ కమాండ్ తర్వాత రాయాల్సింది ఇలా (లాగ్ అన్నది ఫైలు పేరు):

> లాగ్ 2>&1 &

ఇలా మార్చాక "లాగ్ ఖాళీగా ఉందే" అని టెన్షన్ పడొద్దు. అవుట్‌పుట్ ఫైలుకు పోయేటప్పుడు చాలా ప్రోగ్రాములు ప్రతి లైనూ వెంటనే రాయవు, బఫర్ (మెమరీలో తాత్కాలికంగా దాచుకునే చోటు) నిండాక ఒకేసారి రాస్తాయి. పైథాన్ స్క్రిప్ట్ అయితే python తర్వాత -u పెట్టి నడపండి, ఎప్పటిదప్పుడు కనిపిస్తుంది. పాత పోస్టులో ఆ తప్పు కమాండ్ లైను కూడా మార్చేశాను.