మహారాజశ్రీ యాంటీబాడీ గారికి

మహారాజశ్రీ డీడీఎక్స్3ఎక్స్ యాంటీబాడీ గారి సముఖమునకు,

మైనస్ 20 డిగ్రీల ఫ్రీజర్‌లో, గ్లిసరాల్‌లో తేలుతూ తమరు క్షేమమని తలుస్తాను. ఇక్కడ మా పరిస్థితి అంత బాగా లేదు.

ఒక ప్రోటీన్‌ని వెతికి పట్టుకోవడమే తమరి వృత్తి. తమరికి అప్పగించిన పని చిన్నదే. మడతలు పడ్డ ఆర్‌ఎన్‌ఏని ఏటీపీ అనే కణ ఇంధనం ఖర్చుపెట్టి విప్పే హెలికేజ్ అనే రకం ప్రోటీన్ ఒకటుంది, డీడీఎక్స్3ఎక్స్ అని. వెస్టర్న్ బ్లాట్ మీద, అంటే ప్రోటీన్లను జెల్‌లో సైజు ప్రకారం విడదీసి మెంబ్రేన్ అనే పొర మీదికి దించే పరీక్షలో, అదెక్కడుందో చూపించాలి. 73 కిలోడాల్టన్ల (ప్రోటీన్ బరువు కొలత) దగ్గర ఒకే ఒక్క బ్యాండ్, అంటే గీత. తమరి డేటాషీట్‌లో అలాగే ఉంది మరి, కాటుకతో గీసినట్టు!

మా మెంబ్రేన్ మీదేమో 73 దగ్గర ఒకటి, 50 దగ్గర ఇంకొకటి, 40కి దిగువన పేరూ ఊరూ లేని గుంపు. తమరు ఎక్కడపడితే అక్కడ అంటుకోకుండా పాలపొడితో బ్లాకింగ్ చేశాం. ట్వీన్ అనే సబ్బులాంటిది కలిపిన బఫర్‌తో కడిగాం, మళ్లీ కడిగాం. 1:1000 అన్నారు కదా అని మొదలుపెట్టి 1:5000 దాకా పలచన చేశాం. అసలు బ్యాండ్ మాయమైంది. గుంపు మాత్రం కదల్లేదు. అమ్మినవాళ్లకు రాస్తే "మీరే ఆప్టిమైజ్ చేసుకోండి" అన్నారు. తమరు పాలీక్లోనల్, అంటే ఒక కుందేలు రక్తంలోంచి తీసిన రకరకాల యాంటీబాడీల కలగలుపు కాబట్టి ఆ కుందేలు పోతే వచ్చే కొత్త లాట్ (బ్యాచ్) వేరే జాతకంతో దిగుతుందని మాత్రం చెప్పలేదు.

పోనీ, 73 దగ్గరున్నదైనా ఎవరిది? ఎక్స్ క్రోమోజోమ్ మీది డీడీఎక్స్3ఎక్స్‌కి వై మీద డీడీఎక్స్3వై అనే తోబుట్టువుంది. ఒకదానికి 662 అమైనో ఆమ్లాలు, రెండోదానికి 660. వరుసలో 90 శాతానికి పైగా పోలిక. మగ కణాల్లో రెండూ ఉంటే, జెల్ మీద పక్కపక్కనే కూర్చుంటాయి. తమరు ఎవరి చెయ్యి పట్టుకున్నారో తమరికే తెలియాలి.

తమరి వంశానికి ఇది కొత్త కాదులెండి. 1980లో ఎస్‌వీ40 వైరస్ తాలూకు లార్జ్ టి యాంటిజెన్ అనే ప్రోటీన్ కోసం తయారైన యాంటీబాడీ ఒకటి, కణంలోని 68 కిలోడాల్టన్ల ప్రోటీన్‌ని కూడా పట్టేసింది. అదే తర్వాత పీ68గా, డీడీఎక్స్5 అనే హెలికేజ్‌గా తేలింది. ఆ పెద్దల తప్పు విజ్ఞానానికి కలిసొచ్చింది. తమరి తప్పు మా పేపర్‌లో ఫిగర్ 3లోకి ఎక్కుతోంది, తేడా అదీ.

ఎక్కించేది మేమే, ఒప్పుకుంటాం. కింది గుంపుని కత్తిరించి, 73 చుట్టూ సన్నని చట్రం గీసి పంపే భక్తులు తమరికి అన్ని ల్యాబుల్లోనూ ఉన్నారు. చాలా జర్నళ్లు ఇప్పుడు కత్తిరించని బ్లాట్ అడుగుతున్నాయి కాబట్టి ఆ భక్తికి కొంచెం ఇబ్బంది వచ్చింది.

ఒక్క చోట వేళాకోళం పక్కన పెడతాను. ఈ జన్యువులో లోపాలతో పుట్టే పిల్లలున్నారు, ఎక్కువగా ఆడపిల్లలు. వాళ్లకు మాటా నడకా ఆలస్యమవుతాయి, మానసిక ఎదుగుదల కుంటుపడుతుంది. ఆ జబ్బు మీద పనిచేసేవాళ్లు తమరి బ్యాండ్‌ని నమ్ముకుని లెక్కలు వేస్తారు. తమరి లేబుల్ మీద "పరిశోధనకు మాత్రమే" అని ఉంది. పరిశోధనలో ఏం చెప్పినా చెల్లుతుందని దానర్థం కాదు.

అందుకే రేపటి జెల్‌లో చివరి లేన్ (నమూనా పోసే వరుస) తమరికోసం కేటాయించాం. మగ కణాలవి, డీడీఎక్స్3ఎక్స్ జన్యువు తీసేసినవి. డీడీఎక్స్3వై పనంతా నెత్తికెత్తుకుని వాటిని బతికిస్తోంది. తమరు నిజంగా డీడీఎక్స్3ఎక్స్ మనిషే అయితే ఆ లేన్‌లో 73 దగ్గర ఏమీ కనిపించకూడదు. కనిపించిందా, ఆ బ్లాట్‌ని కత్తెర తాకకుండా డేటాషీట్ రాసినవాళ్లకే పంపిస్తాం.

ఇట్లు,
తమరిని కంటికి కనిపించేలా చేసే సెకండరీ యాంటీబాడీ ఖర్చు కూడా భరిస్తున్న
విధేయ పరిశోధక బృందం