ఆంటిగ్వాలో క్రికెట్ అంటే ఆట ఒక్కటే కాదండీ

వెస్టిండీస్ దీవి ఆంటిగ్వాలో స్టేడియం ఖాళీగా ఉంటోంది కాబట్టి అక్కడ క్రికెట్ పనైపోయిందని ఎవరో రాశారు, నాకు మాత్రం అలా అనిపించట్లేదు. జనాభా లక్ష చుట్టుపక్కలే ఉండే దీవి అది, వెస్టిండీస్ దిగ్గజాలు ఆండీ రాబర్ట్స్, వివ్ రిచర్డ్స్, ఆంబ్రోస్ అందరూ అక్కడోళ్లే! పదిహేడేళ్ల కుర్రాడిగా రిచర్డ్స్‌ని పక్క దీవి సెయింట్ కిట్స్‌తో మ్యాచ్‌లో అవుటిస్తే జనం గ్రౌండ్‌లోకొచ్చేసి ఆట ఆపేశారు, అతన్ని మళ్లీ బ్యాటింగ్‌కి పిలిచేదాకా ఊరుకోలేదు, చివరికి పాపం అతనికే రెండేళ్ల బ్యాన్ పడింది.

పాత రిక్రియేషన్ గ్రౌండ్ సెయింట్ జాన్స్ ఊరి మధ్యలో, జైలు పక్కనే ఉంటుంది, ఖైదీలే పిచ్ పనులు చేసేవాళ్లు. 1986లో రిచర్డ్స్ 56 బంతుల సెంచరీ, లారా టెస్టుల్లో కొట్టిన 375, 400 పరుగులు అన్నీ అక్కడే. స్టాండ్స్‌లో పెద్ద స్పీకర్లు పెట్టి, వికెట్ పడితే పాట, ఫోర్ కొడితే పాట, అబ్బా ఆ హోరు టీవీలో వింటుంటేనే ఒళ్లు పులకరించేది. 2007 వరల్డ్ కప్ కోసం ఊరి బయట కొత్త స్టేడియం కట్టారు, 2009లో ఇంగ్లాండ్ టెస్ట్ అక్కడ ఇసుకలో బౌలర్లు పరిగెత్తలేక 10 బంతులకే ఆగిపోతే మళ్లీ పాత గ్రౌండే ఆదుకుంది కదా. నడిచొచ్చే జనానికి దూరంగా గ్రౌండ్ పెట్టి, జనం రావట్లేదంటే ఎలాగండీ?