రాత్రి మెలకువకు కూలీ కట్టాలి

మంచం పట్టిన మనిషికి ఒంటి మీద పుండ్లు పడకుండా ఉండాలంటే సుమారు రెండు గంటలకోసారి పక్కకు ఒత్తిగిలించాలి. రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా మూడుసార్లయినా లేవాలి. లేచిన ప్రతిసారీ డైపర్ తడిసిందేమో చూడాలి, మడమలు పరుపుకు ఆనకుండా దిండు సర్దాలి, పక్కబట్ట ముడతలు తీయాలి. ఇదంతా చేసే కేర్‌గివర్ ఒప్పందంలో మాత్రం ఆ ఎనిమిది గంటలూ 'విశ్రాంతి' ఖాతాలోకి పోతాయి. పరాయి దేశం నుంచి వచ్చి ఆ ఇంట్లోనే ఉండే మనిషికి జరిగే పెద్ద అన్యాయం ఇదే.

జర్మనీలో ఈ వివాదం కోర్టుకెక్కింది. బల్గేరియా నుంచి బెర్లిన్‌కు వచ్చిన ఒక మహిళ ఒప్పందంలో వారానికి 30 గంటలే పని అని ఉంది. రాత్రిళ్లు పిలిస్తే వినపడేలా గది తలుపు తెరిచి పడుకోవాల్సి వచ్చేదని ఆమె చెప్పింది. పిలుపు కోసం కాచుకుని ఉన్న సమయానికీ కనీస వేతనం ఇవ్వాల్సిందేనని 2021 జూన్ 24న సమాఖ్య కార్మిక న్యాయస్థానం తేల్చింది.

తీర్పు ఉన్నా రుజువు కావాలి కదా. మంచం పక్కన ఒక నోటుపుస్తకం పెట్టండి: లేచిన సమయం, చేసిన పని, మళ్లీ పడుకున్న సమయం. వారానికోసారి ఇంటివాళ్లూ సంతకం చేయాలి, ప్రతి పేజీ ఫొటో కేర్‌గివర్ ఫోన్‌లో ఉండాలి. జీతం చేతికి కాక బ్యాంకు ఖాతాలో పడాలి.

అంతర్జాతీయ కార్మిక సంస్థ ఇంటి పనివారి కోసం 2011లో ఆమోదించిన 189వ ఒడంబడిక వారానికి వరుసగా 24 గంటల సెలవు ఉండాలంటుంది. పాస్‌పోర్టు పనివారి దగ్గరే ఉంచుకోనివ్వాలని, ఏజెన్సీ ఫీజు జీతంలో కోయకూడదని కూడా చెబుతుంది. సెలవు ఎందుకు అమలు కాదంటే, ఆ రోజు పెద్దాయన్ని చూసే మనిషి ఉండరు. బదులు వచ్చేదెవరో, ఆ ఖర్చు ఎవరిదో ఒప్పందంలోనే రాయాలి. రెండో మనిషిని పెట్టుకునే స్తోమత చాలా కుటుంబాలకు ఉండదు. అందుకే ఆ భారంలో ప్రభుత్వం పాలు పంచుకోవాలని గట్టిగా అంటున్నాం.

వీసా ముడి ఇంకా గట్టిది. బ్రిటన్ 2022లో కేర్‌గివర్లకు తెరిచి, 2025 జూలైలో విదేశాల నుంచి వచ్చే కొత్తవారికి మూసేసిన వీసా, దానిపై ఉన్న మనిషిని ఒకే యజమానికి కట్టేస్తుంది. విదేశీయులను పనిలో పెట్టుకోవడానికి ఆ యజమానికి ఉన్న లైసెన్సు రద్దయితే, కొత్త స్పాన్సర్‌ను, అంటే వీసాకు పూచీపడే మరో యజమానిని, వెతుక్కోవడానికి సాధారణంగా 60 రోజులే గడువు. అలాంటప్పుడు నోటుపుస్తకం పట్టుకుని ఫిర్యాదుకు ఎవరు వెళ్తారు? వీసాను యజమానికి కాక వృత్తికి ముడిపెట్టాలి. ఫిర్యాదు విచారణ ముగిసేదాకా ఆ 60 రోజుల లెక్క మొదలు కాకూడదు.