భయస్తుడే అసలు నటుడు, కావాలంటే భరతమునిని అడగండి

స్టేజ్ ఎక్కాలంటే ధైర్యం కావాలి, గొంతు ఖంగుమనాలి అని ఎవరు మొదలెట్టారో గానీ దానివల్ల నాటకరంగానికి జరిగిన నష్టం అంతా ఇంతా కాదు. నేను బాగా ఆలోచించే చెప్తున్నా, సిగ్గుపడే స్టూడెంట్‌ని మించిన నటుడు లేడు.

వాడు ఎన్నేళ్ళ నుంచి నటిస్తున్నాడో ఒకసారి చూడండి. ఆన్సర్ తెలిసి కూడా తెలీనట్టు మొహం పెట్టడం, సార్ ప్రశ్న అడగ్గానే పెన్ను పడేసుకుని బెంచీ కింద దూరి అది ఎంతకీ దొరకనట్టు వెతకడం, "ప్రెజెంట్ సార్" అనే రెండు ముక్కలకి పది నంబర్ల ముందు నుంచే లోపల్లోపల రిహార్సల్ వేసుకోవడం, ఇదంతా మేకప్ లేకుండా, ఫ్రీగా. ధైర్యవంతుడికి ఈ ట్రైనింగ్ ఎక్కడిది? వాడు తెలిస్తే చెప్తాడు, తెలీకపోయినా చెప్తాడు.

పైగా శాస్త్రం మా పక్షం. భరతముని రాసిన నాట్యశాస్త్రంలో అభినయం నాలుగు రకాలు. ఆంగికం, వాచికం, ఆహార్యం అంటే చేతులు తిప్పడం, మాట పలకడం, వేషం కట్టడం, ఇవి ఎవరికైనా నేర్పొచ్చు. నాలుగోది సాత్త్వికం, లోపలున్నది ఒంటి మీద దానంతటదే బయటపడాలి. దానికి ఎనిమిది గుర్తులు చెప్పారు: స్తంభం, స్వేదం, రోమాంచం, స్వరభేదం, వేపథువు, వైవర్ణ్యం, అశ్రువు, ప్రళయం. అంటే కొయ్యబారిపోవడం, చెమటలు, ఒళ్ళు జలదరించడం, గొంతు మారిపోవడం, వణుకు, మొహం పాలిపోవడం, కన్నీళ్ళు, స్పృహ తప్పడం. పెద్ద పెద్ద నటులు ఏళ్ళ తరబడి సాధన చేసి తెచ్చుకునేవి మావాడికి పేరు పిలిస్తే చాలు వరసగా వచ్చేస్తాయి. (నోరెండిపోవడం ఒక్కటే ఆ లిస్టులో లేదు, అది అడ్రినలిన్ పుణ్యం.)

నా సంగతే తీసుకోండి. భటుడి వేషం, మూడు వారాల రిహార్సల్స్, మొత్తం నాటకంలో ఒకే ఒక్క డైలాగ్, "ప్రభూ, శత్రువులు కోటని చుట్టుముట్టారు". ఆ ముక్క బాత్రూంలో నేను చెప్పినంత బాగా ఇంకెవడూ చెప్పలేడు. తీరా స్టేజ్ మీదకొచ్చాక లైట్లు మొహాన కొట్టాయి, ఎదురుగా జనం లేరు, చీకటి, ఆ చీకట్లో ఎవరో దగ్గారు, అంతే. నా చేతిలో ఈటె, కర్రకి రేకు మొన కొట్టారు, మేకు లూజు, నా వణుక్కి అది టకటకటక మంటుంటే పైన వేలాడే మైకులో ఆ చప్పుడు హాలంతా వినిపించింది. వింగ్స్‌లోంచి డైలాగ్ అందించే ప్రాంప్టర్ "ప్రభూ.. ప్రభూ.." అంటున్నాడు, నన్నే పిలుస్తున్నాడనుకుని అటు చూశా. చివరికి రాజే దిగొచ్చి "ఏం భటా, శత్రువులు కోటని చుట్టుముట్టారా?" అన్నాడు. తలూపా. "ఎంతమంది?" అన్నాడు, అది స్క్రిప్ట్‌లో లేదు, వాడి కొవ్వు. మళ్ళీ తలూపా.

తర్వాత గ్రీన్ రూంకి ఒక పెద్దాయన వచ్చి "అందర్లోకీ నువ్వే బాగా చేశావు బాబూ, యుద్ధమంటే భటుడికుండే భయమంతా ఆ ఈటెలో చూపించావు, ఎన్నాళ్ళు ప్రాక్టీస్ చేశావేంటి?" అన్నారు. ఆయనక్కూడా తలూపా.

మీరు నవ్వుకోండి, పర్లేదు. ఇంగ్లీషు నాటకాల మహానటుడు లారెన్స్ ఒలీవియర్ అంతటివాడికే 1960ల్లో, అప్పటికే ప్రపంచమంతా పేరొచ్చాక, స్టేజ్ ఫియర్ పట్టుకుంది, షేక్‌స్పియర్ నాటకంలో ఒథెల్లో వేషం వేస్తూ, విలన్ ఇయాగో వేసే నటుణ్ణి తనకి కనబడే చోటే నిలబడమని బతిమాలుకున్నాడు. ఆయనకి ఆ వయసులో వచ్చింది నాకు మొదటి షోకే వచ్చింది. ఎవరు ముందున్నట్టు?

మా డైరెక్టర్‌కి మాత్రం శాస్త్రజ్ఞానం తక్కువ. వచ్చే నాటకంలో నాకు శవం వేషం ఇచ్చాడు, డైలాగ్ లేదు కదా సేఫ్ అని. నిన్న మొదటి రిహార్సల్, దుప్పటి వణుకుతోందని మూడుసార్లు ఆపించాడు. ఎనిమిదిట్లో ఏడు ఆల్రెడీ వచ్చేశాయి నాకు, ఇక ఆ ప్రళయం ఒక్కటి టైంకి వచ్చిందంటే ఈ వేషం కూడా గట్టెక్కేస్తా.