రెట్రో బండి: పాతదనం చూపులోనా, నడకలోనా?

రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 మీద మనవాళ్ల మధ్య జరిగే వాదన ఎప్పుడూ ఒకేలా ఉంటుంది. ఒకాయన ఫోన్‌లో స్పెసిఫికేషన్లు తీసి, "349 సీసీకి 20 హార్స్‌పవరేనా? ఇంకొంచెం డబ్బు వేసుకుంటే రెట్టింపు పవరున్న బండి వస్తుంది కదా" అంటాడు. రెండో ఆయన "బుల్లెట్ బుల్లెట్టేరా" అని తేల్చేస్తాడు. మొదటాయనకు బండి అంటే అంకెలు, రెండో ఆయనకు చిన్నప్పుడు ఊళ్లో ఎస్సైగారు దిగిన బండి. ఈ బండిలో పాతదనం అసలు ఎక్కడుంది, చూపులోనా, నడకలోనా అని మాత్రం ఇద్దరూ అడగరు. రెట్రో బండిని, అంటే పాతకాలం పోలికతో ఇప్పుడు తయారయ్యే బండిని, బేరీజు వేయడం అక్కడి నుంచే మొదలవ్వాలి.

ఎందుకంటే రెట్రో అనే పేరుతో అమ్ముతున్నవన్నీ ఒక కోవలోవి కావు. 2023 జులైలో వచ్చిన ట్రయంఫ్ స్పీడ్ 400నే తీసుకోండి. మన దగ్గర పుణె పక్కన చాకణ్‌లో బజాజ్ తయారుచేస్తున్న బండి అది. గుండ్రటి హెడ్‌లైటు, ఒంపు తిరిగిన ట్యాంకు, ఇంజిన్ మీద వరసగా రెక్కలు. గాలికి చల్లబడే పాత ఇంజిన్లకు ఆ రెక్కలతో పని ఉండేది. ఇక్కడ చల్లబరిచే పని ముందున్న రేడియేటర్‌ది, రెక్కలు ఎక్కువగా చూపు కోసమే. యాక్సిలరేటర్ తిప్పారంటే 398 సీసీ ఇంజిన్ ఎనిమిది వేల ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) దాకా ఉరికి 40 హార్స్‌పవర్ ఇస్తుంది. వేషం పాతదే గానీ స్వభావం ఇప్పటి కుర్రాడిది.

క్లాసిక్ కథ వేరు. దాని ఇంజిన్ కొత్తది. 2020లో ఇదే కంపెనీ మీటియర్ బండితో వచ్చిన జే సిరీస్ ఇంజిన్ అది. 2021 సెప్టెంబర్‌లో క్లాసిక్‌కు కూడా అదే పెట్టారు. ఫ్రేమ్‌ను ఇంగ్లండ్‌లో బండ్ల ఫ్రేములు రూపొందించే హ్యారిస్ పెర్ఫార్మెన్స్‌తో కలిసి కొత్తగా రూపొందించారు. అంటే పాత బండి నుంచి తెచ్చిపెట్టిన భాగాలు దాదాపు లేవు. అయినా నడక మాత్రం పాతదే, అది కావాలని చేసిన పని. స్పీడ్ 400 సిలిండర్ వ్యాసం 89 మిల్లీమీటర్లు, అందులో పిస్టన్ కదిలే దూరం 64. క్లాసిక్‌లో వ్యాసం 72, కదిలే దూరం 85.8. పిస్టన్ ఎక్కువ దూరం వెళ్లి రావాలంటే ఇంజిన్ మరీ వేగంగా తిరగలేదు, కాబట్టి హార్స్‌పవర్ అంకె పెరగదు. బదులుగా తక్కువ ఆర్‌పీఎంలోనే లాగే బలం, అంటే టార్క్, వస్తుంది. 27 న్యూటన్ మీటర్ల టార్క్ నాలుగు వేల ఆర్‌పీఎం దగ్గరే అందేస్తుంది. ఇంజనీర్లకు చేతకాక 20 దగ్గర ఆగిపోలేదు. ఏ నడక కావాలో ముందు ఎంచుకున్నారు, ఆ అంకె దాని వెనకే వచ్చింది.

ఈ తేడా పట్టిక చూస్తే అర్థం కాదు, ఘాట్ రోడ్డు ఎక్కితే అర్థమవుతుంది. విశాఖ నుంచి అరకు వెళ్లే దారిలో శృంగవరపుకోట దాటాక మలుపులు మొదలవుతాయి. వెనక మనిషి, సీటుకు కట్టిన బ్యాగు, ఎదురుగా మలుపు మధ్యలోకి వచ్చేసిన ఆర్టీసీ బస్సు. బ్రేకు వేసి వేగం బాగా తగ్గించి, మళ్లీ ఎత్తు ఎక్కాలి. ఇలాంటి చోట వేగంగా తిరిగే ఇంజిన్ ఉన్న బండికి గేరు దించాలి, లేకపోతే వణుకుతుంది. క్లాసిక్ మూడో గేరులోనే, క్లచ్ పట్టకుండా, ఢగ్ ఢగ్ మంటూ ఎక్కేస్తుంది. అనంతగిరి కాఫీ తోటల దాకా ఎడమ కాలికి పెద్దగా పనే ఉండదు. దిగేటప్పుడు కూడా అంతే. యాక్సిలరేటర్ వదిలితే ఇంజినే సగం బ్రేకు వేస్తుంది. మన రోడ్ల మీద నిజంగా సాధ్యమయ్యే వేగం యాభైకీ ఎనభైకీ మధ్య. ఈ బండి బలమంతా సరిగ్గా అక్కడే ఉంది.

నాలుగు వరసల హైవే మీద పరిస్థితి మారుతుంది. తొంభై దాకా హాయిగా వెళ్తుంది. ఆ పైన లారీని దాటాలంటే ముందే లెక్క వేసుకోవాలి, పికప్ మిగలదు. వారం వారం హైదరాబాద్ నుంచి విజయవాడకు హైవే మీద తిరిగేవాళ్లకు నేనైతే ఈ బండి చెప్పను.

పాత నడకను పట్టుకున్నవాళ్లు పాత బాధలను మాత్రం వదిలించారు, మెచ్చుకోవలసింది అదే. మద్రాస్ మోటార్స్‌తో కలిసి 1955లో మన దేశంలో మొదలైన బుల్లెట్, ఇంగ్లండ్‌లో కంపెనీ 1970లో మూతపడ్డాక కూడా మద్రాసులో తయారవుతూనే ఉంది. మిగతా బ్రాండ్లకు రెట్రో అంటే తిరిగి రావడం. జావానే చూడండి, 1996లో మైసూరు ఫ్యాక్టరీ ఆగిపోయాక 2018లోగానీ మళ్లీ రోడ్డెక్కలేదు. బుల్లెట్‌కు ఆ విరామం లేదు. అందుకే దాని పాతదనం మనకు ముచ్చటగా తోచేలోపే విసుగు తెప్పించింది. పాత పోత ఇనుము ఇంజిన్ బుల్లెట్ స్టార్ట్ చేయడం ఒక తతంగం. తాళం తిప్పాలి, ఇంజిన్ లోపలి ఒత్తిడిని వదిలే డీకంప్రెషన్ లివర్ నొక్కి కిక్కును మెల్లగా దించుతూ, కరెంటు చూపే యామీటర్ ముల్లు మధ్యకు వచ్చేదాకా చూడాలి, లివర్ వదిలి అప్పుడు బలంగా తన్నాలి. లెక్క తప్పితే కిక్కు ఎగిరొచ్చి మోకాలి కింద కొడుతుంది. గేరు కుడివైపు, బ్రేకు ఎడమవైపు. న్యూట్రల్ దొరకడానికి మడమతో నొక్కే లివరు ఇంకొకటి. ఆ రోజులే బాగుండేవని ఇప్పుడు కబుర్లు చెప్పేవాళ్లలో చాలామంది సెల్ఫ్ స్టార్ట్ బండ్లే నడుపుతున్నారు.

ఇప్పుడు బటన్ నొక్కితే చాలు. ఇంజిన్‌లో వణుకు తగ్గించే బ్యాలెన్సర్ షాఫ్ట్ ఉంది కాబట్టి ఎనభై దాటగానే చేతులు తిమ్మిరెక్కే రోజులు పోయాయి. అద్దంలో వెనక వచ్చే బండి నంబరు కనిపిస్తోంది, పాత బుల్లెట్ నడిపినవాళ్లకు ఈ మాట విలువ తెలుస్తుంది. ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు గొట్టం 35 నుంచి 41 మిల్లీమీటర్లకు లావైంది. మలుపులో గుంత తగిలినా బండి గీత తప్పదు. చప్పుడు మెత్తబడిందని బాధపడి సైలెన్సర్ మార్పించుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. విశాఖలో, హైదరాబాద్‌లో పోలీసులు అలాంటి సైలెన్సర్లను రోడ్డు రోలర్‌తో తొక్కించారంటే నాకేం జాలి కలగలేదు.

ఇక బరువు. క్లాసిక్ 195 కిలోలు. ఇంచుమించు ఇదే నడక ఉన్న హోండా హైనెస్ సీబీ 350 ఇంజిన్‌లో పిస్టన్ కదిలే దూరం 90.5 మిల్లీమీటర్లు, క్లాసిక్ కంటే ఎక్కువే. 30 న్యూటన్ మీటర్ల టార్క్ మూడు వేల ఆర్‌పీఎం దగ్గరే ఇస్తుంది. బరువు 181 కిలోలు. అంటే నిదానమైన నడకకు ఇంత బరువు తప్పనిసరి కాదు. రోడ్డు మీద ఆ పద్నాలుగు కిలోల తేడా తెలియదు, పైగా బండి నిలకడగా ఉన్నట్టు అనిపిస్తుంది. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో, వాలు మీద, రెండు స్కూటర్ల మధ్య నుంచి బండిని వెనక్కి లాగేటప్పుడు తెలుస్తుంది. ఐదున్నర అడుగుల లోపు మనిషికి అది రోజూ చేసే కసరత్తు. టెస్ట్ రైడ్ ఇచ్చేవాళ్లు బండిని రోడ్డు మీద పెట్టి తాళం చేతికిస్తారు. ఒకసారి పార్కింగ్‌లోంచి మీరే బయటికి తీస్తానని అడగండి.

పన్ను విషయం కూడా చూడాలి. 2025 సెప్టెంబర్ 22 నుంచి 350 సీసీ దాకా ద్విచక్ర వాహనాలపై జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది, అది దాటితే 40 శాతం. 349 సీసీ క్లాసిక్, 348 సీసీ హోండా ఇవతలి గట్టున పడ్డాయి, 398 సీసీ ట్రయంఫ్ అవతలి గట్టున పడింది. కొనేటప్పుడు తేడా గట్టిగానే పడుతుంది, కానీ నచ్చని నడకను పన్ను తగ్గిందని తెచ్చుకుంటే ఏళ్ల తరబడి దాని మీదే కూర్చోవాలి.

నాకు అస్సలు మింగుడుపడనిది చక్రం. క్లాసిక్‌లో చాలా రకాలకు స్పోక్ చక్రాలే ఇస్తున్నారు. చూపుకు బాగుంటాయి, కాదనను. కానీ స్పోకులు బిగించే ప్రతి చోటా రిమ్ముకు రంధ్రం ఉంటుంది, గాలి నిలవదు, లోపల ట్యూబు వేయక తప్పదు. ట్యూబ్‌లెస్ టైరుకు మేకు దిగితే గాలి మెల్లగా పోతుంది, పక్క ఊరి దాకా వెళ్లిపోవచ్చు. ట్యూబు చిరిగితే గాలి ఒక్కసారిగా పోతుంది, వేగంలో ఉంటే వెనక చక్రం పాములా ఊగుతుంది. బండి ఆగినా చిక్కు తీరదు. చక్రం ఊడదీయాలి, ట్యూబు లాగాలి. నల్లమలలో, చుట్టుపక్కల పంక్చర్ షాపు లేని చోట, చీకటి పడే వేళ ఇది జరిగితే ఎంత టెన్షనో చెప్పక్కర్లేదు. చూపు కోసం మనిషి భద్రతను ఖర్చు పెట్టిన చోటు ఇదొక్కటే కనిపిస్తుంది నాకు. స్పోకులంటే అంతే మరి అని సర్దిచెప్పడానికి కూడా ఇప్పుడు వీల్లేదు. 2024 నవంబర్‌లో ఇదే కంపెనీ, ఇదే ఇంజిన్‌తో తెచ్చిన గోవన్ క్లాసిక్ 350కి ట్యూబ్ అక్కర్లేని స్పోక్ చక్రాలే పెట్టింది. క్లాసిక్‌కూ అవి అందరికీ ఇచ్చేదాకా, కొనదలచుకున్నవాళ్లకు నేను చెప్పేది ఒకటే. క్రోమ్ మెరుపు కాస్త తగ్గినా సరే, ట్యూబు అక్కర్లేని అల్లాయ్ చక్రాలతో వచ్చే రకమే తీసుకోండి.